నేలకింద నీళ్లు పాడైతే: శుద్ధి ఎందుకు దశాబ్దాలు పడుతుంది, ఆ పని ఎలా నేర్చుకుంటారు

ముందు ఒక లెక్క చూద్దాం. ట్రైక్లోరోఇథిలీన్ అని ఒక ద్రావకం ఉంది. లోహపు భాగాలకు అంటిన గ్రీజు వదిలించడానికి ఫ్యాక్టరీల్లో దశాబ్దాల పాటు వాడారు. నోరు తిరగని పేరు కాబట్టి ఈ రంగంలో అందరూ టీసీఈ అంటారు. తాగునీటిలో ఇది లీటరుకు 5 మైక్రోగ్రాములు దాటకూడదని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ పెట్టిన హద్దు. ఒక లీటరు టీసీఈ బరువు 1.46 కిలోలు, అంటే 146 కోట్ల మైక్రోగ్రాములు. దాన్ని ఐదుతో భాగిస్తే 29.2 కోట్లు. ఒక్క లీటరు ఒలికితే చాలు, 29 కోట్ల లీటర్ల నీళ్లను ఆ హద్దు అంచు దాకా చెడగొట్టగలదు. 25 లక్షల లీటర్లు పట్టే ఒలింపిక్ ఈతకొలనుల్లో చెప్పాలంటే దాదాపు 117 కొలనులు. ఫ్యాక్టరీల వెనక ఒలికింది లీటరు సీసాలతో కాదు, డ్రమ్ములతో.

కలుషిత నేల, కలుషిత భూగర్భజలం వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ జనం అడిగేవి రెండే ప్రశ్నలు. ఆ మట్టి తవ్వి తీసేయొచ్చు కదా? ఆ నీళ్లు తోడి ఫిల్టర్ చేయొచ్చు కదా? రెండూ న్యాయమైన ప్రశ్నలే. నిపుణులు కూడా మొదట్లో అలాగే అనుకున్నారు. ఎక్కడ బెడిసికొట్టిందో తెలియాలంటే ముందు నేలకింద నీళ్లు ఎలా ఉంటాయో చూడాలి.

## నేలకింద ఉన్నది చెరువు కాదు

భూగర్భజలం అనగానే కింద ఎక్కడో ఒక చెరువో, పారే ఏరో ఉన్నట్టు ఊహించుకుంటాం. సున్నపురాయి గుహల్లాంటి చోట్ల తప్ప అలా ఉండదు. ఇసుక రేణువుల మధ్య సందుల్లో, రాతి పగుళ్లలో నీళ్లు నిండి ఉంటాయి. తడిసిన స్పాంజిని ఊహించుకుంటే దగ్గరగా ఉంటుంది. ఆ నీళ్లు కదులుతాయి, కాకపోతే నత్త వాటి కంటే వేగంగా నడుస్తుంది.

ఎంత నెమ్మదో లెక్క వేయొచ్చు. 1856లో ఫ్రెంచి ఇంజినీరు హెన్రీ డార్సీ ఇచ్చిన సూత్రం ఇప్పటికీ ఈ రంగానికి ఎక్కాల పుస్తకం లాంటిది. ఇసుక పొర తనలోంచి నీటిని పారనిచ్చే గుణం రోజుకు 10 మీటర్లు అనుకుందాం. నీటిమట్టం వాలు వెయ్యి మీటర్లకు 2 మీటర్లు. రేణువుల మధ్య ఖాళీ 25 శాతం. పదిని 0.002తో హెచ్చించి 0.25తో భాగిస్తే రోజుకు 8 సెంటీమీటర్లు వస్తుంది. ఏడాదికి 29 మీటర్లు. కాలుష్యం ఒలికిన చోటికి 300 మీటర్ల దూరంలో బావి ఉంటే, విషం అక్కడికి చేరడానికి పదేళ్లు. రసాయనం దారిలో మట్టికి అతుక్కుంటూ, విడిపోతూ నీటికంటే రెండింతలు నెమ్మదిగా కదిలితే ఇరవై ఏళ్లు. ఈలోపు ఫ్యాక్టరీ మూతపడి ఉండొచ్చు, యజమాని మారి ఉండొచ్చు, కాగితాలు చెదలు పట్టి ఉండొచ్చు. ఎవరు బాధ్యులో తేల్చడం కోర్టుల్లో ఏళ్ల తరబడి సాగడానికి ఈ నెమ్మదితనమూ ఒక కారణం.

ఒలికిన చోటు నుంచి నీటి వాలు వెంట సాగే ఈ కాలుష్యపు తోకను ప్లూమ్ అంటారు. గాలివాటుకు పొగగొట్టం పొగ సాగినట్టే ఉంటుంది. పొగ కంటికి కనిపిస్తుంది, ప్లూమ్ కనిపించదు. అక్కడక్కడా వేసిన బోర్లలో నీళ్లు తీసి పరీక్షించి, మిగతాది ఊహించి గీస్తారు.

## తేలేవి, మునిగేవి

రసాయనం నీటికంటే తేలికా, బరువా అన్నదాన్ని బట్టి కథంతా మారిపోతుంది.

పెట్రోలు తేలిక. పెట్రోలు బంకు కింద ట్యాంకు కారితే అది కిందికి దిగి నీటిమట్టం మీద తేలుతుంది. అందులోని బెంజీన్ లాంటివి కొద్దికొద్దిగా నీటిలో కరుగుతాయి. ఎక్కడుందో వెతకడం కొంత తేలిక, మట్టిలోని బ్యాక్టీరియాకు అదంటే ఇష్టం కూడా.

టీసీఈ బరువు. నీటిమట్టం దగ్గర ఆగదు, దాన్ని దాటుకుని ఇంకా కిందికి దిగిపోతుంది. దిగేటప్పుడు దారి పొడవునా చిన్న చిన్న బొట్లు ఇసుక సందుల్లో ఇరుక్కుపోతాయి. కింద బంకమట్టి పొర తగిలితే దాని మీద గుంటలు గుంటలుగా పేరుకుంటుంది. ఆ పొర తూర్పుకు వాలి ఉండి నీళ్లు పడమరకు పోతున్నా సరే, టీసీఈ మాత్రం తూర్పుకే జారుతుంది. నీళ్లు పోయే దిక్కునే వెతికే కొత్తవాళ్లు సరిగ్గా ఇక్కడే దారి తప్పుతారు.

దీనికో విచిత్రమైన గుణం. లీటరు నీటిలో ఒక గ్రాముకు కాస్త పైన మాత్రమే కరుగుతుంది, కాబట్టి నీళ్లు పోసి కడిగితే పోయేది కాదు. కానీ కరిగే ఆ కాస్తే తాగునీటి హద్దుకు రెండు లక్షల రెట్లకు పైన ఉంటుంది. కడిగేయడానికి చాలదు గానీ విషం చేయడానికి మాత్రం బోలెడు.

## తోడి శుద్ధి చేస్తే ఎందుకు తేలలేదు

అమెరికాలో నయాగరా జలపాతం పక్కన లవ్ కెనాల్ అనే చోట పాత కాలువలో 1942 నుంచి 1953 దాకా దాదాపు 20 వేల టన్నుల రసాయన వ్యర్థాలు పూడ్చారు. తర్వాత ఆ స్థలాన్ని ఒక్క డాలరుకు స్కూల్ బోర్డుకు రాసిచ్చారు. బడి కట్టారు, చుట్టూ ఇళ్లు లేచాయి. 1978లో అత్యయిక పరిస్థితి ప్రకటించి జనాన్ని ఖాళీ చేయించాల్సి వచ్చింది. కలుషిత స్థలాలను శుద్ధి చేయించే సూపర్‌ఫండ్ చట్టం 1980 డిసెంబరులో రావడానికి ఈ ఘటన పెద్ద కారణం. అదే 1980లో నెదర్లాండ్స్‌లోని లెక్కర్‌కెర్క్‌లో రసాయన డ్రమ్ములు పూడ్చిన నేల మీద ఇళ్లు కట్టిన సంగతి బయటపడి, అక్కడా జనాన్ని తరలించారు. నేల కాలుష్యం కూడా ప్రభుత్వాలు పట్టించుకోవాల్సిన విషయమేనని అప్పుడు తెలిసొచ్చింది.

1980ల్లో అందరి చేతిలో ఉన్న మందు ఒక్కటే. బోరు వేసి నీళ్లు తోడాలి, కార్బన్ ఫిల్టరులోనో గాలి ఊదే స్తంభంలోనో శుద్ధి చేసి వదలాలి. మొదటి ఏడాది అంకెలు బాగా పడిపోయేవి, అందరూ సంతోషించేవారు. తర్వాత గ్రాఫు హద్దుకు పైన ఎక్కడో ఒక గీత దగ్గర చతికిలబడేది. ఏళ్లు తోడినా కదలదు. విసిగి పంపు ఆపితే కొన్ని నెలల్లో అంకె మళ్లీ పైకి లేచేది. 1994లో అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 77 చోట్ల ఇలాంటి ఏర్పాట్లను పరిశీలిస్తే, 69 చోట్ల లక్ష్యం ఇంకా అందలేదని తేలింది.

అసలు దొంగ బంకమట్టి. ఇసుకలో నీళ్లు పారుతాయి, బంకమట్టిలో దాదాపు పారవు. కానీ ఇసుకలో విషం ఇరవై ముప్పై ఏళ్లు నిలిచి ఉంటే, అది పక్కనున్న బంకమట్టిలోకి మెల్లగా ఇంకుతుంది. ఊరగాయ ముక్కలోకి ఉప్పు ఇంకినట్టు. ఇప్పుడు ఇసుకలోని నీళ్లు తోడి శుభ్రం చేస్తే, బంకమట్టిలో దాక్కున్నది అదే నెమ్మదితో బయటికి రావడం మొదలెడుతుంది. ఎక్కేందుకు ముప్పై ఏళ్లు పట్టింది దిగడానికి అంతకంటే ఎక్కువే తీసుకుంటుంది, ఎందుకంటే కొంత లోపలివైపుకు ఇంకుతూనే ఉంటుంది. పంపు ఎంత పెద్దది పెట్టినా బంకమట్టిని తొందరపెట్టలేం.

అంతమాత్రాన తోడడం దండగ అని కొట్టిపారేయడం కూడా సరికాదు. శుద్ధి పూర్తి చేయలేకపోయినా, ప్లూమ్ ముందుకు పోకుండా కట్టడి చేయడంలో పంపుకు సాటిలేదు. వైఫల్యం యంత్రానిది కాదు, దాని మీద పెట్టుకున్న ఆశది.

## మూలం దగ్గర ఏం చేస్తారు, తోక దగ్గర ఏం చేస్తారు

ఇప్పుడు పని రెండుగా విడదీసి చూస్తారు. విషం పేరుకుని ఉన్న మూలం ఒకటి, కరిగి సాగిన తోక ఒకటి.

మూలం లోతు తక్కువైతే తవ్వి తీసేయడమే త్వరగా అయ్యే పని. అయితే ఆ మట్టి మాయమవదు, లారీలెక్కి ఇంకో చోటికి పోతుంది. తవ్వలేనిచోట ఆవిరయ్యే రసాయనాలను వ్యాక్యూమ్‌తో పీలుస్తారు, లేదా విషాన్ని విరగ్గొట్టే పర్మాంగనేట్ లాంటి ఆక్సీకారిణిని లోపలికి ఎక్కిస్తారు. పక్క బోరులో నీళ్లు ఊదా రంగులో వస్తే మందు అక్కడిదాకా చేరిందని అర్థం. కాంక్రీటు కిందో, బంకమట్టిలోనో ఇరుక్కుంటే నేలలోకి ఎలక్ట్రోడ్లు దించి కరెంటు పంపి, మట్టినే నీళ్లు మరిగేంత వేడి చేస్తారు. ఖర్చు బాగా ఎక్కువ, కానీ బంకమట్టిలో ఉన్నదాన్ని నెలల్లో బయటికి లాగగలిగే కొద్ది పద్ధతుల్లో ఇదొకటి.

తోక విషయంలో నాకు బాగా నచ్చేది ఇనుప గోడ. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం వాళ్లు 1991లో ఒంటారియోలో బోర్డెన్ సైనిక స్థావరం దగ్గర దీన్ని పరీక్షించారు. నీళ్లు పోయే దారికి అడ్డంగా కందకం తవ్వి ఇనుప రజను, ఇసుక కలిపి నింపుతారు. నీళ్లు వాటంతటవే దాంట్లోంచి పోతాయి. ఇనుము తుప్పు పడుతూ వదిలే ఎలక్ట్రాన్లు టీసీఈలోని క్లోరిన్‌ను ఊడగొడతాయి. పంపు లేదు, కరెంటు బిల్లు లేదు. తుప్పు మన పక్షాన పనిచేసే చోటు ఇదొక్కటేనేమో!

ఇక బ్యాక్టీరియా. దీన్ని కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే మంచి ఉద్దేశంతో మొదలెట్టిన పని మధ్యలో మరింత విషం ఎలా అవుతుందో ఇక్కడ తెలుస్తుంది. నేలలో ఆక్సిజన్ లేకుండా చేసి, బ్యాక్టీరియాకు తిండిగా వంటనూనె లాంటిది ఎక్కిస్తే, కొన్ని జాతులు టీసీఈ మీద పడతాయి. దానిలో మూడు క్లోరిన్లుంటాయి. మొదటిది ఊడితే డీసీఈ, రెండోది ఊడితే వినైల్ క్లోరైడ్, మూడోది కూడా ఊడితే ఇథిలీన్. చివరిదానితో ప్రమాదం లేదు. కానీ మధ్యలో వచ్చే వినైల్ క్లోరైడ్ క్యాన్సర్ కారకమని తేలినది, దాని తాగునీటి హద్దు 2 మైక్రోగ్రాములే. చివరి మెట్టు దాకా తీసుకెళ్లేవి ముఖ్యంగా డీహాలోకోకాయిడిస్ అనే బ్యాక్టీరియా. అవి ఆ నేలలో లేకపోతే పని మధ్య మెట్టు మీద ఆగిపోతుంది. టీసీఈ అంకె తగ్గిందని రిపోర్టు చూసి సంబరపడితే మోసపోయినట్టే. మిగతా మూడు అంకెలు కూడా పక్కన పెట్టి చదవాలి. ఆ బ్యాక్టీరియాను పెంచి, నేలలోకి ఎక్కించే సంస్థలు కూడా ఇప్పుడున్నాయి.

ఫెర్న్ మొక్కలు ఆర్సెనిక్‌ను పీలుస్తాయన్న వార్త అప్పుడప్పుడూ కనబడుతుంది. నిజమే, టెరిస్ విటాటా అనే ఫెర్న్ గురించి 2001లో పరిశోధన వచ్చింది. కాకపోతే వేర్లు ఎంత లోతు పోతే అంతవరకే దాని పని. ఆకులు కోసిన తర్వాత వాటిని ఏం చేయాలన్నది ఇంకో ప్రశ్న.

ఇక నాన్‌స్టిక్ పూతల్లో, మంటలార్పే నురగల్లో వాడిన, అంత తేలిగ్గా విరగని పీఫాస్ రసాయనాలు ఈ లెక్కలన్నీ మార్చేస్తున్నాయి. 2024 ఏప్రిల్‌లో ఈపీఏ వాటిలో రెండింటికి లీటరుకు 4 నానోగ్రాముల హద్దు పెట్టింది. టీసీఈ హద్దుతో పోలిస్తే 1,250 రెట్లు బిగువు. పైగా వీటిని బ్యాక్టీరియా ముట్టదు. కార్బన్ పట్టుకుంటుంది గానీ విరగ్గొట్టదు.

## శుభ్రం అంటే ఎంత శుభ్రం

ఇక్కడ శాస్త్రం సగమే చెప్పగలదు. మిగతా సగం సమాజం తేల్చుకోవాల్సిందే.

ఒక వాదన ఇది: పాడు చేసిన నేలను మునుపటిలా చేసి ఇవ్వాలి. రేపు అక్కడ బడి కట్టొచ్చు, బావి తవ్వొచ్చు. ఇవాళ్టి అవసరానికి సరిపెట్టి వదిలేస్తే బిల్లు పిల్లల మీద పడుతుంది. లెక్కర్‌కెర్క్ తర్వాత నెదర్లాండ్స్ ఈ దారే పట్టింది, నేల ఏ వాడకానికైనా పనికొచ్చేలా ఉండాలంది. ఖర్చు తడిసి మోపెడైంది. డబ్బులు చాలక ఎన్నో స్థలాలు ముట్టుకోకుండానే మిగిలాయి. 1990ల చివర్లో ఆ దేశం మెట్టు దిగి, ఏ వాడకానికి ఎంత అవసరమో అంత శుద్ధి అనే విధానానికి వచ్చింది.

రెండో వాదనకు ఆధారం మూడు మాటలు: మూలం, దారి, మనిషి. విషం ఉండాలి, అది ప్రయాణించే దారి ఉండాలి, చివర దాన్ని తాగే, పీల్చే, ముట్టుకునే మనిషి ఉండాలి. ఈ గొలుసులో ఏ లంకె తెగినా ఇవాళ్టికి ముప్పు లేదు. పార్కింగ్ స్థలం కింద రెండు మీటర్ల లోతులో సీసం ఉంటే, పైన కాంక్రీటు పోస్తే చాలంటారు వీళ్లు. అదే డబ్బుతో మరో నాలుగు చోట్ల జనం తాగే నీళ్లు బాగుచేయొచ్చు కదా అన్నది వాళ్ల ప్రశ్న. కాదనలేం. కానీ కాంక్రీటు పగలదనీ, ఇరవై ఏళ్ల తర్వాత వచ్చే యజమానికి కింద ఏముందో గుర్తుంటుందనీ ఎవరు హామీ ఇస్తారు? లవ్ కెనాల్‌లోనూ వ్యర్థాల మీద బంకమట్టి కప్పే ఉంచారు. తర్వాత కట్టడాల కోసం ఆ కప్పునే తవ్వారు.

ప్రకృతికే వదిలేసి గమనిస్తూ ఉండటం అనే పద్ధతి మీద గొడవ ఇంకా ఎక్కువ. ఏమీ చేయకుండా తప్పించుకోవడానికి పెద్ద పేరు పెట్టారని స్థానికులు అంటారు. కొన్నిచోట్ల అది నిజం కూడా. అయితే పద్ధతి ప్రకారం చేస్తే ఊరకే కూర్చోవడం కాదు. ప్లూమ్ కుంచించుకుపోతోందని ఏళ్ల తరబడి అంకెలతో చూపాలి, పలచబడటం వల్ల కాకుండా రసాయనం నిజంగా విరుగుతోందని రుజువివ్వాలి, అలా కాకపోతే ఏం చేస్తారో ముందే రాసివ్వాలి. పెట్రోలు విషయంలో చాలాచోట్ల ఇది పనిచేస్తుంది. క్లోరిన్ ద్రావకాల విషయంలో నమ్మకం తక్కువ.

## ఈ పని ఎలా నేర్చుకుంటారు

ఇంతా చదివాక యంత్రాలు నడపడమే శిక్షణ అనిపించొచ్చు. అసలు నేర్చుకోవాల్సింది కనబడనిదాన్ని చదవడం. కొన్ని బోర్ల అంకెలు, మట్టి నమూనాలు, పాత ఫ్యాక్టరీ మ్యాపు చేతిలో పెట్టుకుని, విషం ఎక్కడ దిగింది, ఏ పొర వెంట పోయింది, ఎవరిని చేరుతుంది అని ఒక బొమ్మ గీయాలి. దీన్ని సైట్ మోడల్ అంటారు. ఆ బొమ్మ తప్పైతే ఎంత ఖరీదైన మందు ఎక్కించినా తప్పు చోటికే పోతుంది.

ఫీల్డులో పని ఎలా ఉంటుందో ఒక సీసా దగ్గర నిలబడి చూద్దాం. ఆవిరయ్యే రసాయనాల కోసం నీళ్లు పట్టేది బొటనవేలి లావు గాజు సీసాలో, 40 మిల్లీలీటర్లు. బ్యాక్టీరియా తినేయకుండా అందులో ముందే కొద్దిగా యాసిడ్ వేసి ఉంటుంది. బోరు నుంచి పంపుతో నిమిషానికి పావు లీటరు చొప్పున మెల్లగా తోడుతూ, పీహెచ్, వాహకత, ఆక్సిజన్ రీడింగులు వరసగా మూడుసార్లు దాదాపు ఒకేలా వచ్చేదాకా ఆగాలి. అప్పుడే పైపులో నిలవ నీళ్లు పోయి అసలు నీళ్లు వస్తున్నట్టు. నురగ రాకుండా సీసా గోడ వెంట నీళ్లు జార్చి, అంచు మీద ఉబ్బెత్తుగా నిలిచేదాకా నింపి మూత పెడతారు. తర్వాత తలకిందులు చేసి అరచేతి మీద తట్టి చూస్తారు. బుడగ లేచిందా, ఆ సీసా పక్కన పడేసి కొత్తది పట్టాలి. ఎందుకంటే నీటిలోని టీసీఈ ఆ బుడగలోకి ఎగిరిపోతుంది, ల్యాబులో అంకె తక్కువ వస్తుంది. కోట్ల ఖర్చుతో తీసుకునే నిర్ణయం ఒక బుడగ దగ్గర తప్పిపోవచ్చు. ఇది చదివితే రాదు, పక్కన నిలబడి చేయిస్తేనే వస్తుంది.

శిక్షణ అనే మాట దగ్గర ఒక గందరగోళం కూడా ఉంది. అమెరికా నిబంధనల ప్రకారం ఇలాంటి చోట మామూలుగా పనిచేసేవాళ్లకు 40 గంటల శిక్షణ, ఆపైన మూడు రోజులు అనుభవజ్ఞుల పర్యవేక్షణలో పని, తర్వాత ఏటా 8 గంటల రిఫ్రెషర్ ఉండాలి. హాజ్‌వోపర్ అని దాన్ని అంటారు. చాలామంది ఆ సర్టిఫికెట్ ఉంటే శుద్ధి చేయడం వచ్చేసినట్టే అనుకుంటారు. అది నేర్పేది మాస్కు ఎప్పుడు మార్చాలి, సూటు ఎలా విప్పాలి, ఏ రీడింగు వస్తే బయటికి పరుగెత్తాలి అన్నది. మిమ్మల్ని మీరు కాపాడుకోవడం. నేలను కాపాడటం వేరే చదువు.

ఆ రెండో చదువుకు డబ్బు పెట్టకుండానే దొరికేది చాలా ఉంది. ఈపీఏ నడిపే క్లూ-ఇన్ వెబ్‌సైట్‌లో పద్ధతుల వివరాలు, పాత వెబినార్ల రికార్డింగులు ఉన్నాయి. 1995లో మొదలైన ఐటీఆర్‌సీ అమెరికా రాష్ట్రాల నియంత్రణ అధికారుల కూటమి, దాని మార్గదర్శకాలు ఫీల్డు ప్రశ్నలకు దగ్గరగా ఉంటాయి. 2020లో స్టాక్‌హోం జల బహుమతి అందుకున్న భూగర్భజల శాస్త్రవేత్త జాన్ చెర్రీ మొదలుపెట్టిన గ్రౌండ్‌వాటర్ ప్రాజెక్ట్ భూగర్భజల పుస్తకాలను ఉచితంగా ఇస్తోంది. నీటి కదలికను లెక్కగట్టే మోడ్‌ఫ్లో అనే సాఫ్ట్‌వేర్‌ను అమెరికా భూగర్భ సర్వే సంస్థ 1980ల నుంచి ఉచితంగానే అందిస్తోంది. మొదలుపెట్టేవాళ్లకు నేను సూచించే వరస ఇది: ముందు నీళ్లు, మట్టి, తర్వాత రసాయనం, చివర్లో సాఫ్ట్‌వేర్. సాఫ్ట్‌వేర్ ముందు పట్టుకున్నవాళ్లు రంగురంగుల బొమ్మను చూసి అదే నేల అనుకుంటారు.

ఉచిత శిక్షణల్లో మరో రకం మందులు, యంత్రాలు అమ్మే కంపెనీలవి. చెప్పేవాళ్లు అనుభవం ఉన్నవాళ్లే, విషయం కూడా బాగుంటుంది. కానీ అక్కడ చూపే ప్రతి గ్రాఫూ కిందికే దిగుతుంది. మందు ఆపిన రెండేళ్ల తర్వాత రీడింగు ఎంత అని అడిగి చూడండి, సంభాషణ ఎటు పోతుందో తెలుస్తుంది.

ఇంకో లోటు ఉంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఈ విద్యలో చాలా భాగం బోర్డెన్ లాంటి చోట్ల, ఒకే తీరుగా పరుచుకున్న ఇసుకలో పుట్టింది. ఇసుకలో మూడు బోర్ల నీటిమట్టాలు తెలిస్తే వాలు ఎటో గీయొచ్చు, ప్లూమ్ ఆ గీత వెంటే దొరుకుతుంది. గట్టి రాతినేలలో నీళ్లు పోయేది పగుళ్ల వెంట. మీటరు దూరంలో వేసిన రెండు బోర్లలో ఒకటి పగులుకు తగిలి విషం చూపిస్తుంది, రెండోది రాతిలో దిగి శుభ్రంగా ఉందంటుంది. రెండు రిపోర్టులూ నిజమే. రాతినేల మీద పనిచేసేవాళ్లు అందుకే బోరు వేయగానే నమూనా పట్టరు. ముందు లోపలికి కెమెరా దించి పగుళ్లు ఏ లోతులో ఉన్నాయో, ఎటు వాలి ఉన్నాయో చూస్తారు. తర్వాత పైనా కిందా రబ్బరు బుడ్డలు ఉబ్బించి ఒక్కో పగులును విడదీసి, ఆ ఒక్కదాని నీళ్లే బయటికి తీస్తారు. ఒక్క బోరుకే రోజులు పడుతుంది.